ఆమదాలవలసలో అంతర్జాతీయ బాల్యం: తల్లిదండ్రులకు ఉచిత సలహాలు

బడి ఎంచుకునేటప్పుడు లోపలికి వెళ్లకండి. గేటు దగ్గరే తేల్చేసుకోవాలి. పేరు చివర ‘ఇంటర్నేషనల్’ ఉందా, బోర్డు మీద భూగోళం బొమ్మ ఉందా, ఆ భూగోళం చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లో ఒక్కడికైనా బంగారు రంగు జుట్టు ఉందా, ఈ మూడూ కుదిరితే డబ్బు కట్టేయండి. లోపలికి వెళ్తే తరగతి గది కనిపిస్తుంది. గదిలో పాఠం చెబుతున్న అమ్మాయి కనిపిస్తుంది. ఆ అమ్మాయికి జీతమెంత, ట్రైనింగ్ అయిందా, నిరుడు ఈ క్లాసుకి చెప్పింది ఈవిడేనా, వచ్చే ఏడాదికి ఉంటుందా అని అడగబుద్ధవుతుంది. అడిగాక ఇంటికెళ్లి ఆలోచించబుద్ధవుతుంది. అక్కడితో పిల్లాడి భవిష్యత్తు ఆగిపోతుంది.

నేను స్టేషన్ రోడ్డులో పుస్తకాలు, యూనిఫారాలు, టైలు, బెల్టులు అమ్ముకుంటాను. ఏటా జూన్ వచ్చిందంటే కౌంటరు ముందు నిలబడి ‘ఏ స్కూలైతే బాగుంటాది బావూ’ అని అడగని వాళ్లుండరు. ఇన్నాళ్లూ నోటితో చెప్పిందే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. దీనికి డబ్బు తీసుకోను. టైకి తీసుకుంటాను.

‘ఏ సిలబస్ అండీ’ అని ప్రిన్సిపాల్‌ని అడక్కండి. చిన్నపిల్లలకు అంతర్జాతీయ సిలబస్ అంటే ఎక్కువగా వినపడేవి రెండు. ఒకటి ఐబీ. 1968లో జెనీవాలో మొదలైంది. రెండేళ్లకో దేశం మారే రాయబారుల పిల్లలు, అంతర్జాతీయ సంస్థల్లో పనిచేసేవాళ్ల పిల్లలు ఎక్కడ దిగినా చదువు తెగకూడదని ముందు పెద్ద తరగతులకు పెట్టారు. మూడు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు పీవైపీ అనేదాన్ని 1997లో తెచ్చారు. రెండోది కేంబ్రిడ్జ్ ప్రైమరీ, అయిదేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా. ఐబీ వాళ్లు వచ్చి చూసి, పరీక్షించి, ఆ తర్వాతే బడికి గుర్తింపు ఇస్తారు. గుర్తింపున్న బడుల పేర్లు వాళ్ల వెబ్‌సైట్లో ఎవరైనా వెతుక్కోవచ్చు, ఫోన్లో రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు రీల్స్ చూసుకోండి. బోర్డు మీద ఇంటర్నేషనల్, సంచిలో స్టేట్ సిలబస్ పుస్తకం ఉంటే ఏం పోయింది? పెళ్లిలో మీరు చదివి వినిపించేది బోర్డే గానీ పుస్తకం కాదుగదా.

ఇక్కడ కొందరు అతితెలివి మనుషులు ఒక మాటంటారు. ఊళ్లు మారే పిల్లల చదువు తెగకూడదనే ఆ సిలబస్ పుట్టింది కదా, మరి మన స్టేషన్లో రాత్రి బండి కోసం మూటల మీద నిద్రపోయే పిల్లల సంగతేమిటని. నిజమే, మన శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాదుకీ చెన్నైకీ ఇంకా అవతలకీ భవనాల పనికి పోయే కుటుంబాలు ఈ ప్లాట్‌ఫారం మీద నుంచే పోతాయి. ఆ పిల్లలు సంక్రాంతి దాకా ఒక ఊళ్లో, సంక్రాంతికి ఇక్కడ, ఆ తర్వాత ఇంకో ఊళ్లో ఉంటారు. తమిళం కొంత, హిందీ కొంత ఎవరూ చెప్పకుండానే పట్టేస్తారు. ఎక్కడ దిగితే అక్కడ, వదిలిన పేజీ నుంచి అందుకునే చదువు ఎవరికైనా కావాలంటే ముందు వాళ్లకే కావాలి. అయినా అది సరైన ఉదాహరణ కాదు. వాళ్లు పోయేది జనరల్ బోగీలో. అంతర్జాతీయత విమానంతో మొదలవుతుంది.

బడి కుదిరింది కాబట్టి ఇంటర్వ్యూకి రండి. 2009 విద్యాహక్కు చట్టం, పదమూడో సెక్షన్, చేర్చుకునేటప్పుడు పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్షపెట్టి ఏరకూడదంటుంది. ఏరితే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా జరిమానా. ఈ సంగతి ప్రిన్సిపాల్ గదిలో ఎత్తడం మర్యాద కాదు. ఇంటర్వ్యూ లేకుండా చేర్చుకునే బడిని నలుగురిలో ఏమని చెప్పుకుంటారు? పిల్లకి ముందు నుంచే సాధన చేయించండి. కాకి ఏ రంగంటే ‘బ్లాక్’ అనాలి, అక్కడ ఆగాలి. ‘మా పెరట్లో కాకి రోజూ వస్తాది, దానికి ఒక కాలు నేదు, మా నాన్నమ్మ దానికి ముందు ముద్ద ఎడతాది’ అని మొదలుపెట్టిందా, సీటు పోయినట్టే. అడిగినదానికి మించి చూసిన పిల్లని ఏ బడీ భరించలేదు. తండ్రి మేస్త్రీ అయితే ‘కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ’ అనాలి. తల్లి మాట్లాడకుండా నవ్వితే చాలు. నవ్వుకి భాష లేదంటారు గనక అది ఇంగ్లీషు కిందకే వస్తుంది.

ఇంట్లో తెలుగు ఆపేయడం

అన్నిటికంటే కష్టమైన పని ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

తల్లిదండ్రులతో ఇబ్బంది లేదు. వాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు. ‘కమ్ రా’, ‘ఈట్ చెయ్’, ‘షూస్ వేర్ చేసుకో’ అంటే బండి నడిచిపోతుంది. అసలు అడ్డం నాన్నమ్మ. ఆవిడ ఊరికే ఉండదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చోళ్లు చెరుగుతుంది. చెరుగుతూ పొడుపుకథ వేస్తుంది. పిల్ల విప్పలేకపోతే ఊరిస్తుంది. ఏ మబ్బు పడితే వాన, ఏ మబ్బు పడితే ఉత్త గాలి, ఏ పురుగు కుడితే ఏ ఆకు పసరు, మేనత్త మొగుణ్ణి ఏమని పిలవాలి, పాము ఇంట్లోకొస్తే ముందు ఏం చెయ్యాలి, ఇవన్నీ తీర్థం పోసినట్టు పోస్తూనే ఉంటుంది. సాయంత్రానికల్లా పిల్ల నోట్లో ఒక్క తెలుగు మాట ఉండాల్సిన చోట ఇరవై చేరతాయి. మర్నాడు క్లాసులో మేడం ‘వాట్ ఈజ్ దిస్’ అంటే ‘ఏటో’ అనేస్తుంది. ఆ ‘ఏటో’కి డైరీలో ఎర్ర సిరా నోటు వస్తుంది. సంతకం మీరే పెట్టాలి.

అందుకని నాన్నమ్మకి నాలుగు మాటలు నేర్పండి. కమ్, సిట్, ఈట్, నో. మన వీధిలో బొచ్చు కుక్కలు పెంచే ఇళ్లలో ఇవే నాలుగు మాటలతో సంసారాలు హాయిగా సాగుతున్నాయి. మిగతా టైము ఆవిడకి సీరియల్ పెట్టేయండి.

ఇంతా చేశాక పొరపాటున కూడా జెనీవా వాళ్ల కాగితాలు చదవొద్దు. అందులో ఇంటిభాషను కాపాడమని, దాన్ని ఆసరా చేసుకునే పిల్లలకు కొత్త సంగతులు చెప్పమని, ఏడేళ్లు వచ్చేసరికి దానికి తోడు ఇంకో భాష నేర్పమని ఉంటుంది. తోడు అన్నారు, బదులు అనలేదు. అంత డబ్బు తీసుకుని ఆ మాట చెప్పడానికి మనసెలా ఒప్పిందో! ఢిల్లీ వాళ్లూ తక్కువ తినలేదు. విద్యాహక్కు చట్టంలో వీలైనంతవరకు మాతృభాషలో అని రాశారు. 2020 జాతీయ విద్యావిధానంలో కనీసం అయిదో తరగతి దాకా ఇంటిభాషలో అన్నారు. ఇలాంటి వాళ్లందరూ ఒక్కటైపోయి మన పిల్లల్ని వెనక్కి లాగాలని చూస్తుంటే, ఒక్క మన ఊరి బడులే తెలుగు మాటకి ఇంత అని జరిమానా వేసి కాపాడుతున్నాయి.

ఈ జబ్బు మన జిల్లాకి కొత్తది కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి అని ఒకాయన పుట్టాడు. పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టరు. బుద్ధిగా చరిత్ర పాఠం చెప్పుకోక, కొండల మీద నుంచి దిగివచ్చే సవరల మాట విని, అది నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నేర్చుకుని ఊరుకున్నాడా? సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశాడు, బళ్లు పెట్టించాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. మధ్యలో తెలుగు జనం మీద పడి, పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగే ఉండాలని పెద్ద పోరాటం చేశాడు. పిల్ల ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో ఆ భాషతోనే బడికి రావాలన్నది ఆయన రోగం. సవర పిల్లకే అంత చేసిన మనిషి, ఇప్పుడుంటే ‘ఏటో’ అన్న పిల్లని ఎత్తుకుని ముద్దాడేవాడు. మనకి తలవంపులు.

అయితే బడులు ఆయన్ని తెలివిగా సర్దుకున్నాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆరోజు ఆడపిల్లలకి పరికిణీ ఓణీ, మగపిల్లలకి పంచె ఉత్తరీయం. పంచెలు నా దగ్గర రెడీమేడ్ దొరుకుతాయి, నడుముకి ఎలాస్టిక్ ఉంటుంది. తెలుగు ఎంత తీయనిదో పిల్లలు ఇంగ్లీషులో ప్రసంగిస్తారు. ఆ ఒక్కపూట జరిమానా ఉండదు.

ఆదర్శంగా పెట్టుకోవాల్సింది గిడుగుని కాదు, గిరీశం గారిని. మన విజయనగరంలో 1892లో మొదట ఆడిన ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి ఇంగ్లీషు మేష్టరు ఆయనే. పిల్లాడు పరీక్ష తప్పి వచ్చాడు. అయినా ఏమైంది? తల్లి ఓ ఇంగ్లీషు ముక్క వినాలని ముచ్చటపడితే, గురువూ శిష్యుడూ ఆకాశంలో నక్షత్రం గురించిన చిన్నపిల్లల పాటతో మొదలుపెట్టి, బట్టీ పట్టిన ముక్కల్ని సంభాషణలాగా పంచుకుని అప్పజెప్పేశారు. వెంకమ్మగారు మురిసిపోయింది. పెట్టిన ఖర్చుకి ఫలితం కళ్లముందు కనిపించింది. ఇప్పటికీ మన యూకేజీ వార్షికోత్సవంలో స్టేజీ మీద అదే నక్షత్రం, కింద అదే వెంకమ్మగారు, చేతిలో ఫోను మాత్రం కొత్తది. నూరేళ్లు దాటినా మారకుండా నిలబడ్డ సిలబస్ ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

చుట్టూ ఏముందో చూడనివ్వకండి

నిజమైన పీవైపీ మన ఊళ్లో దిగితే ఎంత ప్రమాదమో తెలియాలంటే దాని అంగాలు తెలియాలి. అందులో లెక్కలు, సైన్సు, సోషలు ఉంటాయి గానీ, వాటి మధ్య గోడలు కూలగొట్టి ఆరు అంశాల చుట్టూ తిప్పుతారు. మనం ఎవరం, కాలంలోనూ చోటులోనూ ఎక్కడున్నాం, మన లోపలిది ఎలా బయటపెట్టుకుంటాం, ప్రపంచం ఎలా నడుస్తుంది, మనుషులం ఒక ఏర్పాటుగా ఎలా బతుకుతున్నాం, ఈ భూమిని ఎలా పంచుకుంటాం. చదవడానికి దేవుడి గుళ్లో ఉపన్యాసంలా ఉంది కదా అని మోసపోకండి. ఏ అమాయకపు మేడమో ఈ ఆరూ పట్టుకుని పిల్లల్ని గేటు దాటించిందనుకోండి.

ముందు స్టేషనుకి తీసుకెళ్తుంది. పిల్ల బోర్డు చదువుతుంది. ‘మన ఊరు ఆమదాలవలస గదా మేడం, ఇక్కడ శ్రీకాకుళం రోడ్డని రాసినారేటి?’ అంటుంది. దానికి జవాబు చెప్పాలంటే 1890లలో మద్రాసు కలకత్తా రైలుమార్గం వేసినప్పుడు అది శ్రీకాకుళం పట్నం మీద నుంచి పోలేదని, మన మీద నుంచి పోయిందని, పట్నానికి పోయేవాళ్లు ఇక్కడ దిగి రోడ్డున పోవాలి గనక ఆ పేరొచ్చిందని చెప్పాలి. స్టేషన్ కోడు సి, హెచ్, ఇ ఎందుకంటే దొరలు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవాళ్లని చెప్పాలి. పిల్ల అక్కడ ఆగుతుందా? ‘రైలు మనకిచ్చి పేరు వాళ్లకెందుకిచ్చీసినారు?’ అంటుంది. ఇది ఏ గైడులోనూ లేదు. పరీక్షలో రాదు. పైగా మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి అడిగే రకం ప్రశ్న.

తర్వాత దన్నానపేట. అక్కడ పొలాల మధ్య పెద్ద రాతిబండని రాళ్ల మీద నిలబెట్టిన ఆదిమకాలపు సమాధి ఉంది. యంత్రం లేని రోజుల్లో అంత బండని ఎత్తిందెవరు, ఎలా ఎత్తారు, ఎవరి కోసం ఎత్తారు? ఒక్క బండ దగ్గర లెక్కలు, సైన్సు, సోషలు, చావు గురించిన భయం అన్నీ కలిసిపోతాయి. టైంటేబుల్లో పీరియడు నలభై నిమిషాలు. ఏ పీరియడ్లో పెడతారు?

పొందూరు మరీ అపాయం. మనకి కూతవేటు దూరం, రైలెక్కితే దిగిపోవడమే. అక్కడ సన్న ఖద్దరు నేస్తారని గాంధీగారి కాలం నుంచి పేరు. దూది శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. పళ్లు సన్నగా, దగ్గరగా ఉంటాయి గనక దువ్వెనలాగ పనిచేస్తుంది. చేప దవడతో మొదలై చీర దాకా పోయే పాఠం. నదిలో చేప ఉండాలి, కొండ మీద పత్తి ఉండాలి, ఇంట్లో చేతి ఓపిక ఉండాలి, ఊళ్లో కొనేవాడుండాలి. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో పిల్ల కనిపెట్టేసిందంటే ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. చేతులు నీచువాసన వస్తాయన్న ఒక్క కారణం చాలు, ఆ ట్రిప్పు రద్దు చేయించడానికి. వాట్సాప్ గ్రూపులో ‘హైజీన్ ఇష్యూ’ అని ఒక మెసేజ్ పెట్టండి, మిగతా తల్లులు చూసుకుంటారు.

నాగావళి సంగతి చెప్పక్కర్లేదు. ఒడిశాలో కాలాహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా దిగి, మన పక్కనుంచి పోయి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టిన చోట ఒక భాష, కలిసిన చోట ఇంకో భాష. వరదొస్తే మనకే, ఎండితే మనకే. పైవాళ్లు ఎంత ఆపుకోవచ్చు, కిందవాళ్లకెంత వదలాలి అనే ప్రశ్న అయిదో క్లాసు పిల్లకి అర్థమైతే, పెద్దయ్యాక దానికి పెళ్లి సంబంధం చూడటం కష్టం.

వీటికి బదులు నేను సిఫార్సు చేసేవి: మంచు ఇల్లు, పెంగ్విను, థేమ్స్ నది, అగ్నిపర్వతం. అగ్నిపర్వతం కిట్టు మా షాపులో ఉంది. వంటసోడా పోసి వెనిగరు పోస్తే పొంగుతుంది, వీడియో బాగా వస్తుంది. తుపాను జోలికి మాత్రం పోకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన వాళ్ల కొబ్బరిచెట్లని, జీడితోటల్ని ఎలా పడుకోబెట్టాయో ఇంట్లో ప్రతివాడికీ ఒక కథ ఉంటుంది. ప్రతివాడూ మాట్లాడటం మొదలుపెడితే మేడం మాట వినేదెవరు? అగ్నిపర్వతం అయితే మనలో ఎవరూ చూడలేదు గనక మేడం చెప్పిందే వేదం. ఖరీఫ్ ఎండుతుంటే పిల్లల చేత వానని పొమ్మని ఇంగ్లీషులో పాడించడం కూడా నాకు సమ్మతమే. వానకి ఇంగ్లీషు రాదు.

మిగతావి

సంచి బరువు. 2018లో కేంద్రం ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర దాటకూడదని, మూడు నుంచి అయిదు దాకా రెండు మూడు కిలోలని చెప్పింది. ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు కూడా వద్దంది. పట్టించుకోకండి. నా తూకం మీద పెట్టి చూపిస్తాను రండి. కట్టిన డబ్బుని కిలోలతో భాగిస్తే కిలోకి ఎంత పడిందో తేలుతుంది. సంచి ఎంత బరువైతే చదువు అంత చవగ్గా వచ్చినట్టు. కిలోన్నర సంచికి అంత కట్టినవాడు నష్టపోయినట్టు కాదూ?

ర్యాంకు. పీవైపీలో పిల్లల్ని ఒకరి వెనక ఒకరిని వరసకట్టరు. ఆరా తీసేవాడా, ఆలోచించేవాడా, ఎదుటివాడి మీద శ్రద్ధ ఉన్నవాడా, తెలియనిదానికి జంకకుండా చెయ్యిపెట్టేవాడా అని పది గుణాలు రాసుకుని వాటి గురించి మాట్లాడుకుంటారు. శ్రద్ధ ఉన్నవాడు అని రాసిచ్చిన కాగితాన్ని ఫ్లెక్సీ ఎలా వేయిస్తారు? మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది అంతర్జాతీయ బడి కాదు.

ఒక్క గండం మాత్రం మనం త్రుటిలో తప్పించుకున్నాం. 2019లో ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లీషు మీడియం అని జీవో వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. ఆ గొడవలోనే ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. చాలా చెడ్డ పుస్తకాలు. పిల్లకి అర్థం కావడమే కాదు, పక్కన కూర్చున్న తండ్రికి కూడా అర్థమైపోతుంది. అది పోనీ అనుకుంటే, 2024 జనవరిలో రాష్ట్రం ఏకంగా ఐబీతోనే ఒప్పందం చేసుకుంది. 2025 నుంచి సర్కారు బడిలో ఒకటో తరగతితో మొదలన్నారు. నా గుండె ఆగిపోయింది. అంత డబ్బు పోసి మనం కొనుక్కుంటున్న మాటని, మన ఇంట్లో పాచిపని చేసే ఆవిడ కూతురికి ఊరికే ఇచ్చేస్తారా? ఇస్తే ఇక మనకేం మిగులుతుంది? ఆ సిలబస్ మంచిదా చెడ్డదా, ఆ పంతుళ్లకి తర్ఫీదు ఎవరిస్తారు, అంత ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుందని పెద్దలు వాదించుకున్నారు. నా బాధ వేరు. దేవుడి దయ, ఆ ఏడాదే జూన్లో ప్రభుత్వం మారింది, అది అమలుకి రాలేదు.

ఇంకో హెచ్చరిక. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ అని జిడ్డు కృష్ణమూర్తి గారి బడి ఉంది. దాని గ్రామీణ విభాగం వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బళ్లు పెట్టారు. ఒకే గది, ఒకే పంతులు, ఒకటి నుంచి అయిదు దాకా అందరూ కలిసే. పాఠ్యపుస్తకం తీసేసి కార్డులు చేశారు. ప్రతి కార్డుకీ ఒక బొమ్మ గుర్తు, గోడ మీద ఒక నిచ్చెన. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుని తన కార్డు తనే తీసుకుంటుంది. జ్వరమొచ్చి పది రోజులు రాకపోయినా, చెరుకు కొట్టుకి పోయి నెల రాకపోయినా, వదిలిన మెట్టు నుంచే మొదలు. కథలు ఆ ఊరివే, పాటలు ఆ ఊరివే. పిల్లల చేత సంత పెట్టించి, అమ్మించి, కొనిపించి లెక్కలు నేర్పుతారు. ఈ పద్ధతిని చూసి వెళ్లి మైసూరు పక్క కన్నడ పంతుళ్లు ‘నలి కలి’ అని పెట్టుకున్నారు. తమిళనాడు సర్కారు బడుల్లోకి కార్డులు వెళ్లాయి. జర్మనీలో రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు దాని మీద పరిశోధనలు పెట్టుకున్నారు. అంటే అప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లో పుట్టిన ప్రాథమిక చదువు దేశాలు దాటిందన్నమాట. అయినా మనకొద్దు. మంచి రొయ్య ఎప్పుడూ ఎగుమతికే పోవాలి. దాన్ని మనమే వండుకుని తింటే అది ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ ఎలా అవుతుంది?

అయిదో తరగతి ప్రాజెక్టు

ఇది చివరిది, దీని గురించే ఎక్కువ మంది అడుగుతారు. పీవైపీ ఆఖరి ఏడాదిలో పిల్లలు ఎగ్జిబిషన్ చేస్తారు. తమకు పట్టిన ఒక నిజమైన సమస్య ఎంచుకుని, వారాల తరబడి దాని వెనక తిరిగి, జనాన్ని అడిగి, తేలింది పెద్దల ముందు పెట్టాలి. మన ఊళ్లో కూడా ఈ మాట వాడుకలోకి వచ్చింది గనక చెబుతున్నాను. విషయం ఎంచుకునే పని పిల్లకి వదలకండి.

వదిలితే ఏమవుతుందో నేను ముందే చెప్పగలను. పిల్ల మన ఊరి చక్కెర ఫ్యాక్టరీ అంటుంది. రోజూ వేన్లో పోతూ చూస్తుంది కదా, అంత పెద్ద కట్టడం, గొట్టం, పొగ మాత్రం లేదు. ‘ఇది ఎందుకు మూసీసినారు?’ అని వేన్ డ్రైవర్ని అడుగుతుంది. అతను ‘మీ తాతనడుగు’ అంటాడు. తాత ఆ ఫ్యాక్టరీకి బండ్లతో చెరుకు తోలినవాడు. అరుగు మీద కూర్చుని మొదలుపెడతాడు. సహకార సంఘమంటే ఏమిటి, రైతులు వాటా డబ్బు కట్టడమంటే ఏమిటి, గానుగ సీజన్లో రాత్రి ఎంత దూరం బండ్లు నిలబడేవి, తూకం దగ్గర ఏం జరిగేది, బకాయిలు ఎప్పుడు మొదలయ్యాయి, రెండు దశాబ్దాలకు పైగా మూతపడ్డ గేటుని తెరిపిస్తామని ఏ ఎన్నికల్లో ఎవరు ఏమన్నారు, అంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. అంతా తెలుగులో. పిల్ల రాసుకుంటుంది. రాసుకున్నది చాలక పక్కింటి ముసలాయన్ని అడుగుతుంది, ఆయన వేరేగా చెబుతాడు. ఇద్దరిలో ఎవరు నిజమో తేల్చుకోవాలని పాత కాగితాలు వెతుకుతుంది. టన్నుకి ఇంత, ఎకరానికి ఇన్ని టన్నులు అని లెక్కలు కడుతుంది. చార్టు మీద అన్నీ ఎక్కించి వార్షికోత్సవం రోజున నిలబెడుతుంది. ఆరోజు ముఖ్య అతిథి ఎవరో మీకు తెలుసు కదా. ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, ఆ చార్టు ముందు ఆగాల్సి వస్తుంది. పిల్ల చేతిలో కర్ర పట్టుకుని ప్రశ్న వేస్తుంది. కరస్పాండెంట్ గారి ముఖం నేను ఊహించలేను.

కాబట్టి ధ్రువపు ఎలుగుబంటిని పెట్టించండి. కరుగుతున్న మంచుకి తెల్ల థర్మాకోల్, సముద్రానికి నీలం చార్టు, ఎలుగుబంటికి దూది, కళ్లకి నల్ల పూసలు, అన్నీ ఒకే ప్యాకెట్లో కట్టి ఉంచాను. వాక్యాలు కూడా టైపు చేయించి పెట్టాను, బట్టీ పట్టిస్తే చాలు. ఎలుగుబంటిని కాపాడమంటే ముఖ్య అతిథి కూడా చప్పట్లు కొడతాడు. దానికి ఆమదాలవలసలో ఓటూ లేదు, చుట్టాలూ లేరు, ఫ్యాక్టరీలో వాటా అసలే లేదు.